బ్యాంకు వేలంలో ఇల్లు కొనవచ్చునా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బ్యాంకులో మొండి బాకీల వసూలు విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. అందువల్ల మన సభ్యులు నన్ను తరచు ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు. "పేపర్లో వేలం ప్రకటన చూశానండీ. 60 లక్షల ఫ్లాటు 45 లక్షలకే వచ్చేలా ఉంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు చేతిలో ఉంది. కొని అద్దెకిస్తే ఎలా ఉంటుంది?" అని. విడివిడిగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. కొనవచ్చు. కాని తగ్గిన ఆ 15 లక్షలు మనకెవరూ ఊరికే ఇవ్వడం లేదు. మనం చేయవలసిన విచారణకు, మోయవలసిన చిక్కుకు అది కూలి. ఆ పని చేయలేనివారికి ఆ కూలి దక్కదు సరికదా, చేతి డబ్బు కూడా ఇరుక్కుంటుంది.

ముందుగా, ఒక ఇల్లు వేలానికి ఎలా వస్తుందో చూద్దాం. మనం ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో తనఖా ఆస్తిని అమ్మాలంటే బ్యాంకు సివిలు కోర్టులో దావా వేసి ఏళ్ల తరబడి తిరగవలసి వచ్చేది. 1993 చట్టంతో రుణ వసూలు ట్రిబ్యునళ్లు వచ్చాయి. 2002లో సర్ఫేసీ చట్టం వచ్చాక, కోర్టుకు పోకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్మే అధికారం బ్యాంకులకు దక్కింది. ఈ చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2004లో మార్డియా కెమికల్స్ కేసులో తీర్పు చెప్పింది. అయితే ట్రిబ్యునలుకు వెళ్లే రుణగ్రస్తుడు బాకీలో 75 శాతం ముందే కట్టాలన్న నిబంధనను మాత్రం కొట్టివేసింది.

వాయిదాలు 90 రోజులు దాటి బకాయిపడితే ఆ ఖాతా మొండి బాకీ అవుతుంది. తరువాత బ్యాంకు 13(2) సెక్షను కింద 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే స్వాధీన ప్రకటన, ఆపైన విలువ కట్టించి కనీస ధర నిర్ణయించడం, ఆపైన 30 రోజుల వ్యవధితో వేలం ప్రకటన. మొదటి వేలంలో ఎవరూ పాడకపోతే తరువాతి వేలానికి 15 రోజుల వ్యవధి చాలు. ఇప్పుడు వేలాలన్నీ దాదాపుగా ఆన్‌లైనులోనే జరుగుతున్నాయి. ప్రభుత్వ రంగ బ్యాంకుల వేలం ఆస్తుల వివరాలు 2025 జనవరిలో ప్రారంభమైన బ్యాంక్‌నెట్ అనే పోర్టల్‌లో ఒకేచోట చూడవచ్చు.

ఇక ప్రకటన చదవడం. మనవాళ్లు ముందు ధర చూస్తారు. నేను ముందు "స్వాధీనం" అన్న గడి చూడమంటాను. స్వాధీనం రెండు రకాలు. ఇంటికి తాళం వేసి తాళంచెవి బ్యాంకు దగ్గర ఉంటే అది భౌతిక స్వాధీనం. గోడకు నోటీసు అంటించి, పేపర్లో ప్రకటించి, ఇంట్లో మాత్రం పాత యజమానో అద్దెదారో కాపురం ఉంటే అది లాంఛనప్రాయ స్వాధీనం. రెండోదైతే ఆ మనుషులను ఖాళీ చేయించడానికి బ్యాంకు 14వ సెక్షను కింద జిల్లా మేజిస్ట్రేటునో, చీఫ్ మేజిస్ట్రేటు కోర్టునో ఆశ్రయించాలి. చట్టం ప్రకారం 30 రోజుల్లో, కారణాలు రాసి పెంచినా మొత్తం 60 రోజుల్లో ఉత్తర్వు రావాలి. ఆచరణలో అంత త్వరగా అవుతుందని లెక్క వేసుకోకండి.

నాకు తెలిసిన ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయులు ఇలాంటి ఫ్లాటు పాడారు. సొమ్మంతా సకాలంలో కట్టారు. లోపలివారు ట్రిబ్యునలుకు వెళ్లారు. తాళంచెవి ఆయన చేతికి రావడానికి రెండున్నర ఏళ్లు పట్టింది. ఆ రెండున్నర ఏళ్లూ ఆయన కట్టిన సొమ్ము మీద వడ్డీ లేదు, అద్దె లేదు. న్యాయవాది ఫీజు మాత్రం ఉంది. ఆయన కాగితాల్లో ఏ లోపమూ లేదు. ధర తగ్గడానికి కారణం ఆ నిరీక్షణే.

ప్రకటన అడుగున మరో మాట ఉంటుంది. "ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే" అని. దాని అర్థం, ఇంటి మీద ఉన్న ఇతర బాకీల భారం కొన్నవారిదే అని. ఆస్తి పన్ను, నీటి బిల్లు, అపార్టుమెంటు సంఘానికి చెల్లించవలసిన నిర్వహణ ఖర్చులు, కరెంటు బకాయిలు ఎంతో ముందే కనుక్కోవాలి. నిబంధనలు అందుకు వీలిస్తే పాత యజమాని కరెంటు బకాయిని వేలంలో కొన్నవారి దగ్గర వసూలు చేయవచ్చునని 2023 మే నెలలో కె.సి. నైనాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు డబ్బు సంగతి. ఉదాహరణకు 40 లక్షలకు పాట ఖాయమైందనుకుందాం. ధరావతు సాధారణంగా 10 శాతం, అంటే 4 లక్షలు ముందే కట్టి ఉంటారు. పాట ముగిసిన రోజునో, మరుసటి పనిదినంలోపునో 25 శాతానికి సరిపెట్టాలి. అంటే ఇంకో 6 లక్షలు. మిగిలిన 30 లక్షలు అమ్మకం ఖరారైన 15 రోజుల్లో కట్టాలి. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెరగవచ్చు గాని, మూడు నెలలకు మించదు. కట్టలేకపోతే ముందు కట్టినదంతా పోతుంది. అలా 25 శాతం మొత్తాన్నీ బ్యాంకు జప్తు చేసుకోవడం సరైనదేనని 2024 ఫిబ్రవరిలో షణ్ముగవేలు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి "పాట వచ్చాక లోను పెట్టుకుందాం, ఊళ్లో స్థలం అమ్ముదాం" అనుకునేవారు వేలం జోలికి పోవద్దు. సొమ్ము ఖాతాలో ఉంటేనే పాడాలి. ఆస్తి విలువ 50 లక్షలు, అంతకు మించి ఉంటే 1 శాతం టీడీఎస్ సంగతి కూడా చూసుకోవాలి.

పాడే ముందు చేయవలసిన పనులు ఇవి. బ్యాంకుకు వెళ్లి అధీకృత అధికారిని కలిసి దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు చూడాలి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు నుంచి మన సొంతంగా ఈసీ తీయించాలి. ట్రిబ్యునలులో కేసు ఉందా అని రాతపూర్వకంగా అడగాలి. మన ప్రాంతానికి ట్రిబ్యునళ్లు హైదరాబాదులోను, విశాఖపట్నంలోను ఉన్నాయి. బ్యాంకు తీసుకున్న స్వాధీన చర్యపై 45 రోజుల్లో అక్కడికి వెళ్లే హక్కు రుణగ్రస్తుడికి ఉంది. నోటీసుల్లో లోపం ఉంటే అమ్మకమే రద్దు కావచ్చు. తనఖాకు ముందు నుంచీ ఉన్న అద్దెదారు ఉన్నాడా అని చూడాలి. అతని హక్కు అంత తేలిగ్గా పోదు. ఫ్లాటయితే అనుమతి ప్లానుకు మించి కట్టారా, స్థలంలో మన వాటా ఎంత అన్నవి చూడాలి. ఇవన్నీ ఒక న్యాయవాదికి చూపించి, ఆ ఫీజు గురించి పీనాసితనం చేయకండి.

పెట్టుబడిగా ఇది లాభమా? లెక్క వేద్దాం. 40 లక్షల ఫ్లాటుకు స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులు సుమారు 7.5 శాతం చొప్పున 3 లక్షలు. పాత బాకీలు, మరమ్మతులు 2 లక్షలు అనుకుందాం. మొత్తం 45 లక్షలు. నెలకు 12 వేలు అద్దె వస్తే ఏడాదికి 1,44,000. పన్ను, మరమ్మతులు, ఒక నెల ఖాళీ తీసేస్తే సుమారు 1,15,000 మిగులుతుంది. పెట్టినదాని మీద అది రెండున్నర శాతం. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో 2023 ఏప్రిల్లో వడ్డీ 8.2 శాతమైంది, పరిమితి 30 లక్షలకు పెరిగింది. ఆ రేటున 30 లక్షలకు మూడు నెలలకొకసారి 61,500 వస్తుంది. వడ్డీ మీద పన్ను ఉన్న మాట నిజమే. ఫ్లాటు విలువ పెరగవచ్చన్న మాటా నిజమే. కాని పెరిగే విలువ మన మందుల షాపులో చెల్లదు. నెలనెలా డబ్బు కావలసినవారికి ఫ్లాటు సరైన తోడు కాదు.

వేలం దాకా పోకుండా మరో దారి ఉంది. ఇది చాలామందికి తెలియదు. వేలం ప్రకటన వెలువడేలోగా రుణగ్రస్తుడు మొత్తం బాకీ తీర్చి తన ఇల్లు విడిపించుకోవచ్చు. ప్రకటన వెలువడ్డాక ఆ హక్కు ఉండదని 2023 సెప్టెంబరులో సెలిర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి నోటీసు అందిన యజమాని తానే అమ్మదలచుకుంటే, బ్యాంకు రాతపూర్వక అంగీకారంతో అతని దగ్గర నేరుగా కొనవచ్చు. బాకీ ఎంతో బ్యాంకు నుంచి ఉత్తరం తీసుకుని, సొమ్ము యజమాని చేతికి కాక అప్పు ఖాతాకే కట్టి, మిగిలినది అతనికిచ్చి రిజిస్ట్రేషను చేయించుకోవాలి. వేలంలో వచ్చేంత చవకగా రాకపోవచ్చు. కాని ఖాళీ ఇల్లు చేతికి వస్తుంది. అమ్మేవాడు నాలుగు డబ్బులతో, పరువుతో బయటపడతాడు.

చివరిగా, మన పెద్దలు అనే మాట ఒకటుంది. వేలం ఇల్లు కొంటే ఉసురు తగులుతుందని. దీన్ని నేను తేలిగ్గా తీసివేయను. వసూలుకు వెళ్లినప్పుడు ఆ ఇళ్లలో పుస్తకాల సంచులతో నిలబడ్డ పిల్లలను చూసినవాణ్ణి. అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. బాకీ, ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము ఆ యజమానికే ఇవ్వాలని చట్టం చెబుతోంది. అమ్మిన ధర చాలకపోతే మిగిలిన బాకీకి బ్యాంకు మళ్లీ అతని వెంటే పడుతుంది. కనుక న్యాయమైన ధరకు పాడినవాడు ఆ కుటుంబానికి మేలే చేస్తున్నాడు. నలుగురు కూడబలుక్కుని పాట తగ్గించేవాడే వారిని ముంచుతున్నాడు. ఇంట్లో ఇంకా మనుషులుంటే మర్యాదగా మాట్లాడండి. పిల్లల పరీక్షలు అయ్యేదాకా గడువు ఇవ్వగలిగితే ఇవ్వండి.

సోదరులారా, పెన్షను, వైద్యం, పిల్లల బాధ్యతలు అన్నీ చూసుకున్నాక కూడా రెండు మూడేళ్లు ముట్టకుండా ఉంచగల డబ్బు ఉన్నవారు, భౌతిక స్వాధీనం ఉన్న ఇంటిని చూసుకుని నిరభ్యంతరంగా పాడవచ్చు. ఉన్నదే ఆ గ్రాట్యుటీ సొమ్ము అయినవారు మాత్రం ఆ ప్రకటన పేజీ తిప్పేయండి.