క్రిప్టో పెట్టుబడుల మోసాలు: ఉద్యోగులు గుర్తించవలసిన ప్రమాద సూచికలు

(శాఖా కార్యదర్శుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మన సమావేశాలలో సాధారణంగా వేతనాలు, పనిగంటలు, ఖాళీల భర్తీ వంటి సమస్యలు చర్చకు వస్తూ ఉంటాయి. నేటి అంశం వాటికి భిన్నంగా తోచవచ్చును. కాని ముప్పది, నలుబది సంవత్సరాల సేవకు ప్రతిఫలంగా చేతికి వచ్చిన గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ సొమ్ము కొన్ని వారాలలో మోసగాళ్ళ పాలవుతూ ఉంటే, అది సంఘానికి సంబంధించని విషయమని మనం ఊరుకొనజాలము. హక్కుగా సాధించుకొన్న దానిని నిలుపుకొనేటట్లు చూడడం కూడా సంఘం బాధ్యతయే.

ముందుగా ఒక భేదాన్ని స్పష్టం చేయవలసి ఉన్నది. క్రిప్టో కరెన్సీ అనేది ఏ ప్రభుత్వమూ, ఏ రిజర్వు బ్యాంకూ పూచీ వహించని ఒక కంప్యూటర్ నాణెము. 2009లో ప్రారంభమైన బిట్‌కాయిన్ వీటిలో మొదటిది. దాని జమాఖర్చులు లోకమంతటా అనేక కంప్యూటర్లలో ఒకే విధంగా నమోదవుతూ ఉంటాయి. దాని ధర విపరీతంగా పెరుగుతుంది, విపరీతంగా పడిపోతుంది. అందులో దిగేవాడు నష్టానికి సిద్ధపడి దిగవలసినదే. నేడు మనం చర్చించేది ఆ ధరల హెచ్చుతగ్గులను గురించి కాదు. క్రిప్టో అనే పేరును ముందు పెట్టుకొని, లోపల ఏ వ్యాపారమూ లేకుండా డబ్బు వసూలు చేసే పథకాలను గురించి.

ఇట్టి పథకాలు కొత్తవని కొందరు అనుకొంటారు. తపాలా ఉద్యోగులకు ఈ చరిత్ర మరింత ఆసక్తికరంగా ఉంటుంది. ఏలనన ఈ మోసానికి లోకంలో స్థిరపడిన పేరు ఒక తపాలా కూపన్ మూలంగా వచ్చినదే. విదేశానికి ఉత్తరం వ్రాసేవారు ప్రత్యుత్తరానికి కావలసిన తపాలా ఖర్చును తామే భరించడానికి వీలుగా అంతర్జాతీయ ప్రత్యుత్తర కూపన్ ఉండేది. 1920లో అమెరికాలోని బోస్టన్ నగరంలో చార్లెస్ పోంజీ అనే వ్యక్తి, ఈ కూపన్లను ఇటలీ వంటి దేశాలలో చౌకగా కొని అమెరికాలో ఎక్కువ విలువగల స్టాంపులుగా మార్చి లాభం తీస్తున్నానని ప్రచారం చేశాడు. 45 రోజులలో 50 శాతం లాభం ఇస్తానన్నాడు. మొదట చేరినవారికి ఇచ్చాడు కూడా. అయితే ఆ సొమ్ము కూపన్ల వలన వచ్చినది కాదు, తరువాత చేరినవారు కట్టినది. అతడు చెప్పిన వ్యాపారం జరగాలంటే 16 కోట్ల కూపన్లు చెలామణిలో ఉండాలనీ, నిజానికి ఉన్నవి సుమారు 27 వేలు మాత్రమేననీ ఆనాటి పత్రికలో లెక్క వెలువడింది. ఆ సంవత్సరం ఆగస్టులో పథకం కూలిపోయింది. తపాలా ద్వారా మోసం చేసిన నేరానికి పోంజీ జైలుకు వెళ్ళాడు.

నూరు సంవత్సరాల తరువాత కూపన్ స్థానంలో కాయిన్ వచ్చింది, ఏర్పాటు మాత్రం మారలేదు. మన దేశంలో జరిగిన మూడు ఉదంతాలనూ, విదేశంలో పుట్టిన ఒకదానినీ ఆధారంగా చేసుకొని ప్రమాద సూచికలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాము.

మొదటి సూచిక: నిర్ణీతమైన అధిక లాభం. గెయిన్ బిట్‌కాయిన్ అనే పథకం 2015 ప్రాంతంలో మన దేశంలో ప్రారంభమై, నెలకు 10 శాతం చొప్పున 18 నెలలపాటు చెల్లిస్తామని చెప్పి వేలాది మందిని చేర్చుకొన్నది. బిట్‌కనెక్ట్ అనే మరొక పథకం, ధరల హెచ్చుతగ్గులను కనిపెట్టే యంత్రం తమ వద్ద ఉన్నదని చెప్పి, రోజుకు సుమారు 1 శాతం లాభం ఆశ చూపింది. ఈ అంకెలను మనమే లెక్క వేయవచ్చును. రోజుకు 1 శాతం చొప్పున చక్రవడ్డీ కడితే లక్ష రూపాయలు ఒక్క సంవత్సరంలో 37 లక్షలు దాటుతాయి. 2023 ఏప్రిల్‌లో నిర్ణయించిన రేటు ప్రకారం పోస్టాఫీసు కిసాన్ వికాస్ పత్రంలో సొమ్ము రెట్టింపు కావడానికి 115 నెలలు పడుతుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి చూడండి. అంత లాభం తీయగల యంత్రం నిజంగా చేతిలో ఉన్నవాడు గ్యాంగ్‌మన్ వద్దకూ, పోస్ట్‌మన్ వద్దకూ వచ్చి పదివేలు ఎందుకు అడుగుతాడు?

రెండవ సూచిక: మనుషులను చేర్పిస్తే కమీషన్. సరకు అమ్మితే వచ్చే లాభం వేరు, మనిషిని తెస్తే వచ్చే లాభం వేరు. నీ క్రింద ఇద్దరు, వారి క్రింద నలుగురు అనే నిచ్చెన చూపించినచోట, మీరు కొంటున్నది నాణెం కాదు, ఇతరుల సొమ్ములో వాటా. అట్టి పథకాలను మన దేశంలో 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం ఏనాడో నిషేధించింది. అనుమతి లేని డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో మరొక చట్టం వచ్చింది.

మూడవ సూచిక: వారి పుస్తకంలో తప్ప మరెక్కడా కనిపించని నాణెము. 2014లో బల్గేరియా కేంద్రంగా ప్రారంభమైన వన్‌కాయిన్ సంస్థ ప్రపంచమంతటా 400 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసినట్లు అమెరికా ప్రభుత్వ న్యాయవాదులు పేర్కొన్నారు. ఆ నాణేనికి బహిరంగమైన జమాఖర్చుల పుస్తకమే లేదు. ధరను సంస్థయే నిర్ణయించేది, సంస్థయే పెంచేది. సభ్యుని తెరపై కనిపించినవి వట్టి అంకెలు. దాని నాయకురాలు రూజా ఇగ్నాటోవా 2017 అక్టోబరులో అదృశ్యమైనది. 2022లో అమెరికా దర్యాప్తు సంస్థ ఆమె పేరును ముఖ్య నేరస్థుల జాబితాలో చేర్చింది. గెయిన్ బిట్‌కాయిన్ వారు కూడా చెల్లింపులు కష్టమైనప్పుడు బిట్‌కాయిన్‌కు బదులు ఎమ్‌కాప్ అనే తమ సొంత నాణేన్ని అంటగట్టారు. చెప్పినదొకటి, చేతిలో పెట్టినది మరొకటి అయిన రోజు, ఆ పథకం దివాలాకు దగ్గర పడినదని గ్రహించవలెను.

నాలుగవ సూచిక: సొమ్ము వెనుకకు తీసుకొనేటప్పుడు కొత్త రుసుములు. నేడు వాట్సాప్, టెలిగ్రామ్ గుంపుల ద్వారా జరిగే మోసాలలో ఇది ముఖ్యమైనది. మొదట వెయ్యి రూపాయలు పెట్టిస్తారు, పన్నెండు వందలు తిరిగి ఇస్తారు. దానితో నమ్మకం కుదురుతుంది. లక్షలు పెట్టిన తరువాత యాప్ తెరపై గొప్ప లాభం చూపిస్తారు. తీసుకోబోతే ముందుగా పన్ను కట్టండి, ధరావతు కట్టండి అంటారు. ఈ విషయంలో చట్టం స్పష్టంగా ఉన్నది. 2022 ఏప్రిల్ 1 నుండి క్రిప్టో లాభంపై 30 శాతం ఆదాయపు పన్ను అమలులోకి వచ్చింది. ఆ పన్నును ఆదాయపు పన్ను శాఖకు చెల్లించవలెను. అదే సంవత్సరం జూలై 1 నుండి అమ్మకపు మొత్తంలో 1 శాతం అక్కడికక్కడే మినహాయించే పద్ధతి వచ్చింది. మీ సొమ్ము మీకు ఇవ్వడానికి ముందు ఎవరో వ్యక్తి ఖాతాకు పన్ను పంపవలెనని ఏ చట్టమూ చెప్పదు. అట్లా అడిగారంటే లోపల సొమ్ము లేదన్నమాటే.

ఐదవ సూచిక: సొమ్ము పంపే ఖాతా సంస్థ పేరున ఉండకపోవడం, ప్రతిసారీ కొత్త ఖాతా, కొత్త యూపీఐ సంఖ్య ఇవ్వడం. పోస్టాఫీసు కౌంటర్‌లో రసీదు లేకుండా ఒక్క రూపాయి పుచ్చుకొన్నా మనం ఒప్పుకొనము. అట్టి మనమే రసీదు లేని లక్షను ముఖం తెలియనివాని ఖాతాకు పంపడం తగునా?

ఆరవ సూచిక: ప్రభుత్వ అనుమతి ఉన్నదనే మాట. పన్ను వేస్తున్నారు కనుక ప్రభుత్వం ఆమోదించినదే కదా అని ప్రచారకులు వాదిస్తారు. పన్ను వేయడం పూచీ వహించడం కాదు. రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరు నుండే ప్రజలను హెచ్చరిస్తూ వచ్చింది. బ్యాంకులు ఈ వ్యాపారానికి సేవలు అందించరాదని 2018 ఏప్రిల్‌లో అది ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. ఆ తీర్పు బ్యాంకు సేవల నిషేధానికి సంబంధించినది. ఏ నాణేనికీ అది యోగ్యతాపత్రం కాదు. 2023 మార్చిలో క్రిప్టో వ్యాపార సంస్థలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చి, ఆర్థిక నిఘా విభాగం వద్ద నమోదు కావలెనన్నారు. నమోదైన సంస్థలో పెట్టిన సొమ్ముకు సైతం బ్యాంకు డిపాజిట్‌కు ఉన్నట్లు 5 లక్షల బీమా లేదు.

ఇక ఏడవ సూచికకు వద్దాము. మనకు అన్నింటికంటె ముఖ్యమైనది ఇదియే: చెప్పేవాడు మనవాడు కావడం. హిమాచల్ ప్రదేశ్‌లో 2018 ప్రాంతంలో మొదలై, 2023లో ప్రత్యేక దర్యాప్తు బృందం చేతికి వెళ్ళిన క్రిప్టో మోసంలో పోలీసు సిబ్బందితో సహా ప్రభుత్వోద్యోగులు పెద్ద సంఖ్యలో సొమ్ము పెట్టారు. వారిలో కొందరు ఇతరులను చేర్పించారు కూడా. చట్టం అమలు చేసేవాడే చేరినప్పుడు మనకేమి భయమని సామాన్యులు నమ్మారు. ఇట్టి మోసగాడు రన్నింగ్ రూమ్‌కు స్వయంగా రానక్కరలేదు. అక్కడ ఒక్కరిని చేర్పించి మొదటి నెల సొమ్ము ముట్టజెపితే చాలును. మిగిలిన ప్రచారం ఆ ఒక్కడే, మనస్ఫూర్తిగా నమ్మి, ఉచితంగా చేస్తాడు. అతడు అబద్ధమాడడం లేదు. మొదటి నెల సొమ్ము నిజంగానే వచ్చింది కదా! అందుచేత చెప్పేవాని నిజాయితీని చూచి పథకాన్ని నమ్మరాదు. ఆ లాభం ఎక్కడినుండి వస్తున్నదని అతడినే అడగండి. అతడు సమాధానం చెప్పలేకపోతే దూరంగా ఉండండి.

పల్లెలో మన గ్రామీణ డాక్ సేవకుని పరిస్థితి మరింత సున్నితమైనది. పింఛను సొమ్ము, పొదుపు సొమ్ము అతని చేతికి ఇచ్చే వృద్ధులు, అతడు పెట్టమన్నచోట వేలిముద్ర వేస్తారు. అతడు ఒక నాణేన్ని మెచ్చుకొంటే ఊరంతా దానిలో దిగుతుంది. పథకం కూలిన రోజు మోసగాడు ఏ విదేశంలోనో ఉంటాడు, ఇంటిముందు జనం నిలిచేది మాత్రం మనవాని ఇంటిముందే. అగ్రిగోల్డ్ వంటి డిపాజిట్ సంస్థలు మూతపడినప్పుడు ఏజెంట్లుగా పనిచేసినవారు ఊళ్ళలో పడిన అవస్థ తెలుగు జిల్లాలవారికి తెలియనిది కాదు.

మరొక విషయం. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1966 నాటి రైల్వే నియమావళి ఉద్యోగి సట్టా వ్యాపారం చేయడాన్నీ, అనుమతి లేకుండా ఇతర వ్యాపారంలో పాల్గొనడాన్నీ నిషేధిస్తున్నవి. కమీషన్ కోసం తోటివారిని చేర్పించే ఉద్యోగి సొమ్ముతోపాటు ఉద్యోగాన్ని కూడా ప్రమాదంలో పెట్టుకొంటున్నాడు. ఈ భయం మోసగానికే ఉపకరిస్తుంది. మోసపోయిన ఉద్యోగి పరువు కోసం, శాఖాపరమైన చర్యకు జంకి, ఫిర్యాదు చేయక మౌనం వహిస్తాడు. ఆ మౌనం వలన అదే పథకం పక్క డివిజన్‌లో మరి కొంతమందిని ముంచుతుంది.

కనుక శాఖా కార్యదర్శులను మేము కోరేది నాలుగు పనులు. మొదటిది, సంఘ కార్యాలయాన్ని గాని, నోటీసు బోర్డును గాని, వాట్సాప్ గుంపును గాని ఏ పెట్టుబడి పథకం ప్రచారానికీ ఇవ్వవద్దు. అడిగినవాడు మన పాత కార్యకర్త అయినా సరే. రెండవది, పదవీ విరమణ చేయబోయేవారిని ఆరు నెలల ముందే భార్యతో లేక భర్తతో సహా పిలిచి మాట్లాడండి. 2024 జనవరి 1 నుండి గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితి 25 లక్షలు అయినది. అంత సొమ్ము ఒక్కసారిగా చూడనివారు మనలో చాలామంది ఉన్నారు. ఆ సొమ్ము మూడు నెలలపాటు బ్యాంకులోనో పోస్టాఫీసులోనో కదలకుండా ఉంచి, ఆ తరువాతనే నిర్ణయం తీసుకోమని చెప్పండి. మూడవది, సహకార పరపతి సంఘం నుండి అప్పు తీసి ఇట్టి పథకాలలో పెట్టేవారిని వారించండి. పథకం పోయినా, అప్పు వాయిదా ప్రతి నెలా జీతంలో కోత పడుతూనే ఉంటుంది.

నాలుగవది, మోసపోయినవాడు వచ్చినప్పుడు అతనిని ఎగతాళి చేయవద్దు, మందలించవద్దు. ముందు అతనిచేత 1930 సంఖ్యకు ఫోను చేయించండి. అది సైబర్ ఆర్థిక మోసాలపై ఫిర్యాదుకు కేంద్ర ప్రభుత్వం ఏర్పరచిన సహాయ సంఖ్య. సొమ్ము ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు పరుగెత్తకముందే నిలుపుదల చేయించవలెను కనుక, ప్రతి గంటా విలువైనది. బ్యాంకుకు తెలియజేయించండి. సంభాషణలు, చెల్లింపు వివరాలు చెరిపివేయకుండా భద్రపరచమనండి. మీ సొమ్ము తిరిగి ఇప్పిస్తాము, ముందుగా రుసుము కట్టండి అంటూ తరువాత వచ్చే ఫోనులను నమ్మవద్దని హెచ్చరించండి. అది రెండవ మోసం.

పోయిన సొమ్ము తిరిగి రావడం సులభం కాదు. 2018 జనవరిలో కూలిన బిట్‌కనెక్ట్ వ్యవహారంలో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ సుమారు 1,646 కోట్ల రూపాయల విలువగల క్రిప్టోను స్వాధీనం చేసుకొన్నది 2025 ఫిబ్రవరిలో. అంటే ఏడు సంవత్సరాల తరువాత. అరువది ఏళ్ళకు పదవీ విరమణ చేసిన మనిషికి ఏడు సంవత్సరాల నిరీక్షణ అంటే ఏమిటో మీకు వివరించనక్కరలేదు.

రాబోయే ఆరు నెలలలో పదవీ విరమణ చేసేవారి జాబితా ప్రతి శాఖ వద్దా ఉన్నది. మీ మీ శాఖలకు చేరిన వెంటనే ఆ జాబితా తీసి, మొదటి పేరు గల సోదరుని ఇంటికి వెళ్ళండి.