గుర్రపుడెక్క – గ్రామ జలములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



ప్రతి మొక్కకును ఒక పుట్టినిల్లు కలదు. అచ్చట దానిని తిను పురుగును, దానికి పట్టు తెగులును, దానితో పోటీపడు ఇతర మొక్కలును ఉండును. అందువలన అది హద్దు మీఱదు. దానిని సముద్రము దాటించి క్రొత్త దేశమున నాటినచో ఈ శత్రువులు వెంట రావు. పరదేశపు మొక్కలన్నియు చెడ్డవి కావు. మిరపయు, వేరుసెనగయు అమెరికా ఖండముల నుండి వచ్చి తెలుగువారి వంటయింట స్థిరపడినవే. రైతు చేతి అదుపు తప్పి, తమంతట తాము వ్యాపించి, దేశీయములైన జీవములను త్రోసివేయు మొక్కలతోనే చిక్కు కలుగుచున్నది.

గుర్రపుడెక్క అట్టి మొక్క. దాని జన్మస్థానము దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతము. దాని ఊదారంగు పూవుల అందమునకు మురిసి, తోటల కొలనులలో పెంచుటకై 19వ శతాబ్దపు చివర దానిని భారతదేశమునకు తెచ్చిరి. బెంగాలులో అది ఏఱులను క్రమ్మి పడవల రాకపోకలను ఆటంకపఱచగా, 1936లో దాని నిర్మూలనకై శాసనమే చేయవలసి వచ్చినది.

దాని బలము దాని నిర్మాణములోనే ఉన్నది. కాడలు గాలితో ఉబ్బియుండుటచే నీటిపై తేలును. తల్లిమొక్క ప్రక్కలకు తీగలు చాచి పిలకలు పెట్టును. వేడియు, ఎరువుల సత్తువయు గల నీటిలో రెండు వారములలోనే రెట్టింపు కాగలదు. గింజలు అడుగు బురదలో 10 ఏండ్లకు పైబడి మొలకెత్తు శక్తిని నిలుపుకొనును.

అది పఱచుకొనిన చెఱువులో ఎండ నీటి లోపలికి దిగదు. అడుగున పెరుగు మొక్కలు చచ్చును. కుళ్లిన ఆకులు నీటిలోని ప్రాణవాయువును హరించును. కొఱ్ఱమీను పైకి వచ్చి గాలి పీల్చుకొని బ్రతుకవచ్చును గాని, శీలావతికి, బొచ్చెకు ఆ నేర్పు లేదు. కదలని నీటిలో దోమలు పెరుగును. మురుగుకాలువలు పూడి, వానకాలమున వరిచేలు మునుగును.

కృష్ణా గోదావరుల నడుమనున్న కొల్లేరు ఇందుకు నిదర్శనము. తమ్మిలేరు, బుడమేరు మోసికొని వచ్చు నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రమును చేరవలెను. దారి గుర్రపుడెక్కతో బిగిసినచో ఆ నీరు ఊళ్లపైకి మరలును. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడిన ఆ సరస్సులో గూడబాతులకును, బెస్తవారికిని మేలుచేయునది తేటనీరే.

ఉపాయము లేకపోలేదు. దక్షిణదేశమున పొలములను ఆక్రమించిన నాగజెముడును 1926లో సింహళము నుండి తెచ్చిన ఒక చిన్న పురుగు అణచివేసినది. అట్లే గుర్రపుడెక్క పుట్టినింటి శత్రువులైన ముక్కుపురుగులను 1982లో భారతదేశమునకు తెప్పించి, అవి పంటలను తినవని పరీక్షించిన పిమ్మట, బెంగుళూరు ప్రాంతపు చెఱువులలో విడిచిరి. కొన్ని ఏండ్లలో అచ్చట కలుపు తగ్గినది. అయితే పురుగు పని నిదానము. అంతవఱకు మనుష్యుల చేతులు ఆగరాదు.

ఒక్క ఊరు శ్రమపడినను చాలదు. ఎగువ గ్రామము ఊరకున్నచో దిగువ గ్రామము తీసిన చోటికే ప్రవాహము మరల మొక్కలను తెచ్చును. కావున కాలువలు కట్టివేయు వేసవిలో, ఎగువ నుండి దిగువకు, ఊళ్లన్నియు వరుసగా పూనుకొనవలెను. పూత రాకమునుపే తీయవలెను. తీసినదానిని గట్టుమీదనే విడిచినచో తొలివానకే తిరిగి నీటిలో పడును. దూరముగా కుప్పవేసి, పేడతో కలిపి మ్రగ్గబెట్టినచో మంచి ఎరువగును.

చెఱువు అందఱిది, అందఱిది గనుకనే ఎవ్వరును పట్టించుకొనని దుఃస్థితి కలుగుచున్నది. గ్రంథాలయమును అందఱి సొత్తుగా ఇరువదియైదేండ్లు కాపాడుకొనిన గ్రామమునకు చెఱువును కాపాడుకొనుట అసాధ్యము కాదు. పొరుగూళ్ల పెద్దలను ఏటేట ఈ గ్రంథాలయముననే సమావేశపఱచి, ఆ పనికి దినము నిర్ణయించినచో రజతోత్సవము సార్థకమగును.