ఊరెళ్లే ముందు మొక్కలకి నీళ్లు: నేను చేసిన తప్పు, ఇప్పుడు చేస్తున్న పద్ధతి

ఊరెళ్లే ముందు మనందరికీ వచ్చే ఒక టెన్షన్ గురించి ఇవాళ మాట్లాడుకుందాం. బ్యాగులు సర్దేశాం, గ్యాస్ కట్టేశాం, తాళం చేతిలో ఉంది. సరిగ్గా అప్పుడే బాల్కనీ వైపు చూస్తాం. "అయ్యో, వీటికి నీళ్లెవరు పోస్తారు?"

ముందు నా సంగతి చెప్తాను. పోయిన ఏడాది మే నెలలో పెళ్లికని రాజమండ్రి వెళ్లాం, ఎనిమిది రోజులు. మాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు, పడమటి బాల్కనీ. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండ సూటిగా కొడుతుంది. బయల్దేరే రోజు పొద్దున ప్రతి కుండీలో పొంగిపొర్లేదాకా నీళ్లు పోశాను. కింద ప్లేట్లు కూడా నింపాను. నాలుగు బాటిళ్ల మూతలకి చిల్లులు పెట్టి, తలకిందులుగా మట్టిలో గుచ్చాను. హమ్మయ్య అనుకుని తాళం వేశాను.

తిరిగొచ్చేసరికి తులసి పుల్లలైపోయింది. పుదీనా గడ్డిలా అయింది. మూలన నీడలో, చిల్లు మూసుకుపోయిన కుండీలో ఉన్న కలబంద మాత్రం ఎండలేదు, కుళ్లింది. వీటన్నిటికన్నా నన్ను భయపెట్టింది మల్లె. ఒక్క ఆకు లేదు.

ఆ మల్లె మా అమ్మమ్మ వాళ్ల పెరట్లోది. అమ్మమ్మే అంటు తీసి, కొబ్బరిపీచులో చుట్టి, బస్సులో నా ఒళ్లో పెట్టి పంపించింది. ఇప్పుడు అమ్మమ్మ లేదు. ఆ ఇల్లు అమ్మేశారు, పెరడు కూడా పోయింది. ఆ చెట్టుకి మిగిలింది మా బాల్కనీలో ఉన్న ఈ ఒక్క మొక్కే. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి, "మల్లె ఎలా ఉంది?" అంది. "బాగానే ఉందమ్మా" అని అబద్ధం చెప్పేశాను.

సరే, తప్పు ఎక్కడ జరిగింది? కుండీ నీళ్ల ట్యాంకు కాదండీ. మట్టి తను పట్టగలిగినంతే పట్టుకుంటుంది, మిగతాది చిల్లులోంచి దిగిపోతుంది. మగ్గు పోసినా, బకెట్ పోసినా రేపటికి మిగిలేది అంతే. బాటిల్ కూడా అంతే. గుల్లగా ఉన్న మట్టిలో అది కొన్ని గంటల్లోనే ఖాళీ అయిపోవచ్చు. అంటే వెళ్లే ముందు ఎంత పోశాం అన్నది పెద్ద లెక్కలోకి రాదు. మనం లేని రోజుల్లో మొక్క ఎంత తాగుతుంది, ఆ నీళ్లు ఎంత నిదానంగా అందుతాయి అన్నదే అసలు లెక్క.

కాబట్టి మొదటి పని, దాహం తగ్గించడం. దీనికి రూపాయి ఖర్చు లేదు. కుండీల్ని ఎండలోంచి తీసి, వెలుతురుండే నీడలోకి మార్చండి. కిటికీ పక్కన హాల్లో పెట్టినా చాలు. చీకటి గదిలో పెట్టి తలుపు మూయొద్దు. అన్నిటినీ దగ్గర దగ్గరగా గుంపుగా పెట్టండి, వాటి మధ్య గాలి కాస్త తేమగా ఉంటుంది. మట్టి మీద రెండు వేళ్ల మందాన కొబ్బరిపీచో, ఎండుటాకులో పరచండి. విచ్చిన పూలు, పెద్ద మొగ్గలు కోసేయండి. వెళ్లే ముందు వారంలో ఎరువు వెయ్యొద్దు, కుండీ మార్చొద్దు.

ఇంకో చిన్న విషయం. మట్టి బాగా ఎండితే కుండీ అంచుల నుంచి విడిపోతుంది. పైన పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి కిందకి పోతాయి, లోపల వేరు దగ్గర పొడిగానే ఉంటుంది. అలాంటి కుండీని టబ్బు నీళ్లలో అరగంట కూర్చోబెట్టండి. బుడగలు రావడం ఆగిపోయాక బయటికి తీసి, నీళ్లు కారిపోనివ్వండి.

రెండో పని, నీళ్లు నిదానంగా అందే ఏర్పాటు. నేను వాడేది వత్తి పద్ధతి. దీపంలో వత్తి నూనెని పైకి లాగుతుంది కదా, అదే సూత్రం. పాత కాటన్ టీషర్ట్‌ని చీల్చి, చిటికెన వేలంత లావు తాడుగా పేనండి. ముందు దాన్ని పూర్తిగా తడపండి, పొడి తాడు లాగడం మొదలుపెట్టడానికి చాలా టైం తీసుకుంటుంది. ఒక కొసని మట్టిలో మూడంగుళాల లోతున వేళ్ల దగ్గరికి పాతండి. రెండో కొస నీళ్ల బాటిల్ అడుగుదాకా వెళ్లాలి. మధ్యలో తాడు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. బాటిల్‌ని కుండీ పక్కనే, నీళ్ల మట్టం ఇంచుమించు మట్టి మట్టానికి సమానంగా ఉండేట్టు పెట్టండి. బాగా ఎత్తులో పెడితే నీళ్లు ఆగకుండా కారిపోతాయి.

బాటిల్‌కి మూత తప్పనిసరి. మూతకి తాడు పట్టేంత చిల్లు చాలు. బకెట్ తెరిచి పెట్టి వెళ్లారనుకోండి, కొన్ని నీళ్లు ఆవిరైపోతాయి. పైగా డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్లలోనే. అనుకూలిస్తే వారం, పది రోజుల్లో ఆ గుడ్డు దోమ అయిపోతుంది. మనం తిరిగొచ్చేలోపే అన్నమాట. అందుకే ప్లేట్లలో నీళ్లు నింపి వెళ్లడం కూడా మానేశాను.

పెద్ద కుండీ ఉంటే ఇంకో పద్ధతి, ముంత. రంగు వెయ్యని చిన్న మట్టి ముంతని మెడదాకా మట్టిలో పాతి, నీళ్లు నింపి మూత పెట్టడమే. కుండ బయట చెమ్మగా ఉంటుంది కదా, అలాగే ముంత గోడల్లోంచి నీరు కొంచెం కొంచెంగా ఊరుతుంది. చుట్టూ మట్టి తడిగా ఉంటే ఊరడం తగ్గుతుంది, ఆరితే పెరుగుతుంది. చైనాలో రెండువేల ఏళ్ల కిందటి వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి ఉంది. కాకపోతే ముంతని మొక్క నాటేటప్పుడే పెట్టుకోవాలి. పెరిగిన మొక్క పక్కన తవ్వితే వేళ్లు తెగుతాయి.

మూడో పని, చాలామంది వదిలేసేది: ట్రయల్. ప్రయాణానికి నాలుగు రోజుల ముందే ఏర్పాటంతా చేసేయండి. బాటిల్ మీద నీళ్ల మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టండి. 24 గంటల తర్వాత మళ్లీ గీత పెట్టండి. రోజుకి పావు లీటరు తగ్గితే, రెండు లీటర్ల బాటిల్ ఎనిమిది రోజులు వస్తుంది. మీరు పది రోజులు వెళ్తున్నారా? ఇంకో బాటిల్, ఇంకో వత్తి. మట్టి బురదగా ఉందా? వత్తి సన్నం చెయ్యండి. వేలు పెట్టి చూస్తే పొడిగా ఉందా? లావు చెయ్యండి. పోయిన ఏడాది ఈ ట్రయల్ ఒక్కటి చేసినా నా బాటిళ్ల బండారం ముందే బయటపడేది.

అన్ని మొక్కలకీ ఇదంతా అక్కర్లేదు. కలబంద, స్నేక్ ప్లాంట్ లాంటివి రెండు వారాలు నీళ్లు లేకపోయినా ఏమనుకోవు, వాటిని అలా వదిలేయడమే మేలు. పుదీనా, కొత్తిమీర, తులసి, మల్లెలకే మన సాయం కావాలి. పంపుకి బిగించే టైమర్లు కూడా దొరుకుతున్నాయి. కానీ పంపు రోజుల తరబడి తెరిచే ఉంటుంది. పైపు ఊడితే కింది ఫ్లాట్ వాళ్లింట్లో వాన. ఇంట్లో ఉన్నప్పుడు వారం నడిపి చూడకుండా దాన్ని నమ్మొద్దు.

రెండు వారాలు దాటితే మాత్రం మనిషే కావాలి. మా పైఫ్లాట్ ఆంటీని అడగడానికి నాకు మొహమాటంగా ఉండేది. ఈసారి అడిగాను. నీళ్లు కావాల్సిన కుండీలకి ఎర్ర దారం కట్టి, "ఆంటీ, దారం ఉన్నవాటికి రోజు విడిచి రోజు ఒక మగ్గు. దారం లేనివి ముట్టుకోకండి" అని ఫొటో పంపాను. ప్రేమతో రోజూ పోసేసినా మొక్క పోతుంది కదా. వచ్చేటప్పుడు ఆంటీకి పూతరేకులు తెచ్చాను.

ఇంతకీ మల్లె సంగతి. కొమ్మ మీద గోటితో గీకి చూశాను. పైన అంతా గోధుమరంగే, మొదలు దగ్గర మాత్రం లోపల పచ్చగా ఉంది. పచ్చ కనిపించిన చోటుకి కాస్త పైన కత్తిరించి, కుండీని టబ్బులో నానబెట్టి, నీడలో పెట్టాను. మట్టి పైపొర ఆరినప్పుడే నీళ్లు. మూడు వారాలకి చిన్న చిగురు. మీ మొక్క ఎండినట్టు కనిపించినా గీకి చూడకుండా పారెయ్యకండి.

ఆ చిగురు ఫొటో అమ్మకి పంపి, నిజం చెప్పేశాను. అమ్మ నవ్వి, "నాకు తెలుసులే. బాగుంటే అప్పుడే ఫొటో పెట్టేదానివి కదా" అంది.

వానాకాలంలో ఒక కొమ్మ పెరిగాక దాన్ని వంచి, పక్క కుండీ మట్టిలో పాతి అంటు కట్టాను. వేళ్లు వచ్చాక కోసి అమ్మకిచ్చాను. ఇప్పుడు ఆ మల్లె రెండిళ్లలో ఉంది. మీ ఇంట్లో కూడా అలాంటి మొక్క ఒకటి ఉంటే, ఊరెళ్లే ముందు నీళ్ల ఏర్పాటు ఎలాగూ చేస్తారు. దాంతో పాటు ఒక అంటు కట్టి మీ వాళ్లెవరికైనా ఇచ్చి పెట్టండి.

ఈ సెలవులకి వెళ్తుంటే ఇవాళే ఒక కుండీకి వత్తి పెట్టి, బాటిల్ మీద గీత గీయండి. రేపు ఎంత తగ్గిందో కామెంట్‌లో రాయండి. ఉంటానండీ.