నకలునందలి సత్యము

గ్రామ లెక్కలు వ్రాయువానికి విమానముల ప్రసంగమేల యని తమరు శంకింపవచ్చును. నకలు తీయుట నా వృత్తి. మన గ్రంథాలయమున బాలురు చిత్రములు చూచి చేయు విమానపు నమూనాయు ఒక నకలే గదా!

1903 డిసెంబరు 17న రైటు సోదరులు ఎగురవేసిన విమానము నేడు అమెరికాలోని వాషింగ్టను నగరమున, స్మిత్సోనియన్ సంస్థవారి ప్రదర్శనశాలలో నున్నది. రెక్కల కొననుండి కొనకు 40 అడుగుల 4 అంగుళములు. 48వ వంతున నమూనా చేసినచో 10 అంగుళములకు రవంత మించును. అయితే కుడిరెక్క ఎడమదానికంటె సుమారు 4 అంగుళములు పొడవు. ఇంజను చోదకునికంటె బరువు. అది అతని కుడిప్రక్కన నుండెను. ఆ బరువును మోయుటకే అట్లు చేసిరి. నమూనాలో నీ భేదము అంగుళమున 12వ వంతు మాత్రమే. తప్పని తలచి రెండు రెక్కలను సమము చేసినవానికి అందము దక్కును, సత్యము తప్పిపోవును.

ప్రదర్శనశాల చిత్రమునైనను విచారించియే నమ్మవలెను. అందు కనబడు వస్త్రము 1985లో క్రొత్తగా తొడిగినది. కావున 1903 నాటి ఛాయాచిత్రములతో సరిచూడవలయును.

యౌవనమున నేనొక నకలులో కొలత పొరపాటని యెంచి సవరించితిని. అసలే సరియైనది. నా తెలివికి ఫలముగా ఒక పేదరైతు ఆరు నెలలు కచేరి చుట్టు తిరిగెను. ఆ సిగ్గు నేటికిని నన్ను వీడలేదు.

బాలులారా! వంకర కనబడినచో దిద్దుటకు ముందు కారణమడుగుడు. అసలును గౌరవించుటయే నకలునకు ప్రాణము.