గృహ యంత్రశాల – కూలెంటు నెన్నుకొను విధము

(వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



ఈ మహాసభయందు వంశగౌరవమునుగూర్చియు, విద్యావ్యాప్తినిగూర్చియు పెద్దలు ప్రసంగించిరి. నాకు నియమింపబడిన విషయము చూపునకు స్వల్పమైనది. ఇంటియందు లేతుయంత్రమును నెలకొల్పుకొనుట యెట్లు? దానికి వలయు కూలెంటు నెన్నుకొనుట యెట్లు? అయినను ఇందు మన యువకుల జీవనము, మన చేతుల చర్మము, మన వీథిబావుల నీరు ఇమిడియున్నవి గనుక సావధానముగా వినవేడెదను.

మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులని మన పెద్దలు చెప్పుకొను అయిదు వృత్తులలో కంచుపనికి శ్రీకాకుళము జిల్లాలోని బుడితి నేటికిని పేరు నిలుపుచున్నది. నాగటికర్రులు సాగగొట్టిన కొలుములు మాత్రము ట్రాక్టరులు వచ్చిన పిమ్మట పెక్కు గ్రామములయందు చల్లారినవి. 1941లో విశాఖపట్టణమున సింధియావారి నౌకానిర్మాణశాలకు పునాది పడెను. 1948లో జల ఉష యను నౌక అచట నీటికి దిగెను. అటుపిమ్మట వెలసిన కర్మాగారములు ఉత్తరాంధ్ర యువకులకు జీతపుదారిని చూపినవి. ఆ దారిని పోవుట తప్పు కాదు. కాని పని నేర్చినవాడు మరలి వచ్చి స్వగ్రామమున నిలువవలెనన్నచో స్వంతయంత్ర మొకటి యుండవలెను. బియ్యపుమరల ఇరుసులు, నీటిపంపుల షాఫ్టులు, ట్రాక్టరు బుష్షులు, పలాసప్రాంతపు జీడిపప్పు కార్ఖానాల మరభాగములు ఊరనే అరుగును. ఊరనే బాగుచేయువాడున్నచో రైతునకు పట్టణప్రయాణము తప్పును.

పెట్టుబడి విషయము: 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున 18 వృత్తులవారికి స్థానము గలదు. అందు కమ్మరి, కంసాలి, వడ్రంగి వృత్తులు చేరియున్నవి. పనిముట్లకు రూ. 15,000 సహాయము, నూటికి 5 వడ్డీపై తొలుత లక్ష, పిదప రెండు లక్షల ఋణము ఆ పథకపు నిబంధనలలో నున్నవి. అడుగనివానికి అమ్మయైనను పెట్టదు గదా!

ఇక యంత్రమును నిలుపు రీతి. నాలుగున్నర అడుగుల బెడ్డుగల చిన్న లేతు ఇంటిపనికి చాలును. దానిని మట్టినేలపై నిలుపరాదు. దళసరి కాంక్రీటు వేసి, రసమట్టముతో నిడుపునను అడ్డమునను సరిచూచి, పిదప బోల్టులు బిగింపవలెను. బెడ్డు రవ్వంత మెలిపడినను, తరిగిన ఇరుసు ఒక కొన లావుగాను ఒక కొన సన్నముగాను వచ్చును. ఇంటికి వచ్చు 230 వోల్టుల సింగిల్ ఫేజు విద్యుత్తుపై ఒక అశ్వశక్తి మోటారు నడచును. ఎర్తు తీగె లేనిదే మీట వేయరాదు. కండువా, జారుపంచె, చేతితొడుగు తిరుగు యంత్రము చెంత మృత్యుపాశములని కుర్రవారికి మొదటిదినముననే చెప్పవలెను.

ఇక ముఖ్యాంశము. ఉలిమొన లోహమును కోయునపుడు పుట్టు వేడిమి ఉలి పదునును హరించును. మన తాతలు కొలిమియొద్ద నీటితొట్టి నుంచుకొని పదును పెట్టినవారే. నీటి మహిమ మనకు క్రొత్తది కాదు. అమెరికా దేశపు ఇంజనీరు ఎఫ్. డబ్ల్యు. టేలరు, కోతచోట నీటిని ధారాళముగా పోసినయెడల కోతవేగమును నూటికి 30 మొదలు 40 పాళ్లవరకు హెచ్చింపవచ్చునని 1906లో లోహచ్ఛేదనమునుగూర్చిన తన ఉపన్యాసమున వెల్లడించెను. కాని వట్టినీరు ఇనుమును తుప్పు పట్టించును. అందుకే నీటిలో కలిసి పాలవలె తెల్లనగు సొల్యుబుల్ ఆయిల్ వాడుకలోనికి వచ్చినది. చల్లార్చుట నీటి పని. జారుడు నిచ్చి తుప్పు నాపుట నూనె పని.

ఏ లోహమునకు ఏది తగును? మెత్తని ఉక్కును తరుగుటకు ఒకపాలు నూనెకు ఇరువదిపాళ్లు నీరు, మరలు కోయునపుడు పదిపాళ్లు నీరు, సానపట్టుటకు నలుబదిపాళ్లు. పోతయినుమును పొడిగానే కోయవచ్చును; దాని పొడి ద్రవములో కలిసిన బురదయై పంపును మూయును. ఇత్తడియు కంచును సామాన్యముగా పొడిగానే తెగును. ద్రవము వలసివచ్చినచో గంధకము చేర్చిన నూనెను తాకనీయకుడు, ఏలయన అది రాగి కలిసిన లోహములను నల్లబరచును. బుడితి పనివారు దీనిని ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. కార్బైడు ఉలికి పోసిన ధారగా పోయుడు, లేదా అసలే మానుడు. చుక్కచుక్కగా పోసినచో వేడిచల్లదనముల పోటున మొన బీటవారును.

నీటియందే సగము రహస్యమున్నది. సముద్రతీర గ్రామములయందు ఉప్పునీటి బావులు గలవు. ఉప్పునీటిలో కలిపిన ద్రవము తుప్పును తెచ్చును. కఠినజలమున నూనె విరిగి పైకి తేలును. కావున వాననీరుగాని, మంచి త్రాగునీరుగాని వాడుడు. ఎల్లప్పుడును నీటిలో నూనె పోయవలెను, నూనెలో నీరు పోయరాదు. క్రొత్తనూనె కొనుటకు ముందు రెండు పరీక్షలు చేయుడు. గాజుసీసాలో కలిపి రాత్రియంత కదల్పక యుంచి, ఉదయమున నూనె వేరుపడెనేమో చూడుడు. తెల్లకాగితముపై పోతయినుపు రజను చల్లి, ఆ ద్రవముతో తడిపి యుంచి, మరునాడు కాగితముపై తుప్పుమరకలు లెక్కింపుడు. ఈ పరీక్షలకు రూపాయియైనను ఖర్చు లేదు. దుకాణదారుని మాటకన్న నమ్మదగినవి. వేసవిలో నీరు ఆవిరియై ద్రవము చిక్కబడును గనుక పలుచని మిశ్రమముతోనే నింపుచుండవలెను. గుడ్డు కుళ్లిన వాసన వచ్చిన అందు సూక్ష్మజీవులు ప్రబలినవని యెరుగుడు. పైన తేలిన యంత్రపునూనెను తీసివేయుచు, తొట్టిని కడుగుచుండిన ఆ దుర్గతి పట్టదు.

సోదరులారా! ఇపుడు చెప్పునది మరువకుడు. ఖర్చు కలిసివచ్చునని కాలిన ఇంజను నూనెను కోతకు పోయు ఆచారము చిన్న కర్మశాలలయందు గలదు. అది మానవలెను. శుద్ధిచేయని ఖనిజతైలములు మనుష్యులకు క్యాన్సరు కలిగించునని శాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. ఇంగ్లండులోని లాంకషైరు నూలుమరలలో బట్టలు నూనెలో తడిసిన కార్మికులు చర్మపు పుండ్లతో క్యాన్సరు వాతబడిరి. వాడిన ఇంజను నూనె యందు అట్టి విషములు మరింత చేరును. మంచి కూలెంటు తగిలినను పని ముగియగానే చేతులు సబ్బుతో కడుగవలెను. నూనెగుడ్డను జేబులో నుంచుకొనరాదు.

వాడిన ద్రవమును కాలువలోనో, బావిచెంతనో పారబోయువారలకు ఒక్కమాట. మన జిల్లాలోని ఉద్దానప్రాంతమున మూత్రపిండవ్యాధి ఇంటింట దుఃఖము నింపినది. పలు పరిశోధనలు జరిగినను కారణము నేటికిని తేలలేదు. కారణమేదైనను, నీటిని గూర్చి భయపడుచున్న ప్రజల నేలలో మనము మరియొక విషమును చేర్చుట ధర్మమా? వ్యర్థద్రవమును మూతగల డ్రమ్ములో నిలువచేసి, అనుమతి పొందిన సేకరణదారులకే ఈయవలెను. 2016నాటి ప్రమాదకరవ్యర్థముల నియమములు కోరునదియు నిదియే.

ఒక్కని యింటిలో ఒక్క డ్రమ్ము నిండుటకు ఏండ్లు పట్టును. సేకరణదారుడు దానికై రాడు. పదిమంది కలిసిన వచ్చును. కావున ఈ మహాసభ మూడు తీర్మానములు చేయవలెనని ప్రార్థించుచున్నాను: తాలూకాకొక ఉమ్మడి వ్యర్థద్రవపు డ్రమ్ము, ద్రవపు చిక్కదనమును కొలుచు రిఫ్రాక్టోమీటరు ఒకటి సంఘముపేర కొని వంతులవారీగా వాడుకొనుట, యంత్రము గల ప్రతివాడును సంవత్సరమున కొక్క బాలునికైనను, బాలికకైనను పని నేర్పుట. మన పూర్వులు పనిని దైవముగా కొలిచిరి. ఆ పని చేయు చేతిని, ఆ చేయి కడుగు నీటిని కాపాడుకొనుటయే నేటి విశ్వకర్మపూజ యని విన్నవించుచున్నాను.