కోడ్ ముక్క, దాని షరతు

వెబ్ అనువర్తనంలో వాడుకరికి కనిపించకుండా సర్వర్ మీద నడిచే భాగాన్ని బ్యాకెండ్ అంటారు. అక్కడ రోజూ ఎదురయ్యే చిన్న పనుల కోసం ఒకరు రాయగా వందమంది ఎత్తి వాడుకునే ఐదు పది పంక్తులకు స్నిప్పెట్ అని, వాడుకలో కోడ్ ముక్క అని పేరు. పెద్ద సంస్థల లెక్కలు, జీతాలు, చెల్లింపులు నడిచేది చాలావరకు ఇటువంటి ముక్కల మీదనే అయినా, వీటిని విద్వత్సభలలో చర్చించడం అరుదు. ఎత్తి వాడుకోవడంలో తప్పేమీ లేదు (ఆ పని చేయని ప్రోగ్రామర్ ఈ సభలో ఉంటే చేయి ఎత్తవచ్చు). అయితే ఏ షరతు మీద పనిచేస్తుందో తెలియని ముక్క సగం ముక్కే అన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదించే విషయం.

తొలితరం ప్రోగ్రామర్లకు ఈ సంగతి తెలుసు. కేంబ్రిడ్జిలో 1949లో పని మొదలుపెట్టిన ఎడ్శాక్ కంప్యూటర్ కోసం విల్క్స్, వీలర్, గిల్ 1951లో వెలువరించిన గ్రంథంలో, పదేపదే వాడుకోదగిన ఉపక్రమాలను, అంటే సబ్‌రొటీన్లను, ఇచ్చి ఊరుకోక వాటి వివరణ పట్టికలకు ప్రత్యేకంగా ఒక భాగమే కేటాయించారు. ఆ అలవాటు తరువాత సడలింది.

వరుసలో ఉన్న జాబితాను సగం సగం చేస్తూ వెతికే ద్విభాజన శోధననే తీసుకుంటే, మధ్య స్థానం కోసం రెండు కొసలను కూడి రెండుతో భాగించే పంక్తి జావా గ్రంథాలయంలో ఏళ్లతరబడి నిక్షేపంగా ఉండగా, ఆ మొత్తం 2147483647 దాటితే రుణసంఖ్యగా మారిపోతుందని 2006లో దాని రచయిత జాషువా బ్లాక్ స్వయంగా ప్రకటించాడు. జాబితా చిన్నదై ఉండాలన్న షరతు ఎక్కడా రాసి లేదు.

చెల్లింపుల కోడ్‌లో షరతు మరింత లోతున దాగి ఉంటుంది. నెట్‌వర్క్ తడబడి వాడుకరి మీట రెండుసార్లు నొక్కినా డబ్బు ఒక్కసారే కోతపడాలి; ఒకే అభ్యర్థన ఎన్నిసార్లు వచ్చినా ఫలితం ఒక్కసారి వచ్చినట్టే ఉండే ఈ గుణాన్ని ఐడెంపొటెన్సీ అంటారు. ఇందుకోసం ప్రతి చెల్లింపుకూ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్య డేటాబేస్‌లో ఉందా అని చూసి, లేకపోతే చేర్చి, డబ్బు తీసుకునే ముక్క విరివిగా వాడుకలో ఉంది. ఒక్కరే పరీక్షించినంతసేపు అది చక్కగా నడుస్తుంది. రెండు అభ్యర్థనలు రెప్పపాటు తేడాతో రెండు సర్వర్లకు చేరితే, ఏదీ ఇంకా రాయకముందే రెండూ చూసి, రెండూ లేదనే జవాబే పొంది, రెండుసార్లు డబ్బు కోస్తాయి. చూసి రాయడం మాని, ఆ సంఖ్య ఉండే గడికి ఒకే విలువను రెండోసారి చేరనివ్వని యూనిక్ నిబంధన పెట్టి ముందే రాయాలి. రాత విఫలమైన అభ్యర్థన మొదటిదాని ఫలితాన్నే తిరిగి ఇవ్వాలి. రాసిన తరువాత, డబ్బు తీసుకునేలోపు సర్వర్ ఆగిపోతే ఏమిటన్న ప్రశ్న అప్పటికీ మిగులుతుంది కనుక ఆ వరుసకు చెల్లింపు ఎక్కడిదాకా వచ్చిందో తెలిపే ఒక స్థితిగడి కూడా ఉండక తప్పదు.

తెలుగువారికి మరీ దగ్గరి ఉదాహరణ పేర్లను కత్తిరించే ముక్క. ‘స్త్రీ’ అన్నది చదువరికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, ఈకార గుర్తు అని ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. ఇరవై బైట్ల గడిలో ఈ ఒక్క అక్షరం పట్టాక మిగిలిన రెండు బైట్లలో మరే తెలుగు సంకేతమూ పట్టదు. నాలుగు సంకేతాల దగ్గర కోస్తే తెర మీద ‘స్త్’ మిగులుతుంది. అక్షర సముదాయాలను లెక్కించే గ్రంథాలయాలు వాడినా, 2023లో యూనికోడ్ 15.1 రాకముందటి నియమాలను పాటించేవి ‘స్త్రీ’ని మూడుగా విడగొడతాయి. ఆంగ్ల పేర్లతో మాత్రమే పరీక్షించినవారికి ఈ దోషం కంటబడే అవకాశమే లేదు.

కనుక ఈ సదస్సులో పత్రాలు సమర్పించే విద్వాంసులు తమ వ్యాసాలలోని ప్రతి కోడ్ ముక్క పైనా, అది ఎప్పుడు పనికిరాదో ఒక్క పంక్తిలో, తెలుగులో రాసి సంపాదకులకు అందజేయవలసిందిగా అధ్యక్షపీఠం విజ్ఞప్తి చేస్తున్నది.