రౌండు అయిపోయింది, ఇంటికి పొండి

(చిల్పూర్‌లో సమాఖ్య మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడున్న వాళ్ళలో చాలామంది ఇతర రాష్ట్రాలకు వెళ్ళి, అక్కడ సంఘాలు పెట్టించి వచ్చినవాళ్ళే. కాబట్టి సంఘాల గురించి నేను మీకు చెప్పగలిగిందేమీ లేదు. కలిసి పనిచేసినవాళ్ళు విడిపోయే రోజు గురించి మాత్రం మాట్లాడాలనుకుంటున్నాను. ఏ నివేదికలోనూ ఆ రోజు కనిపించదు.

మీరు 'దేశం పోయొచ్చినం' అంటారు. పాస్‌పోర్టు అక్కర్లేని దేశం అది. కానీ భాష రాదు, తిండి వేరు, నెత్తిమీద కొంగు జారితే తప్పు. మీ మాటే నిజం, అది పరదేశమే.

కొత్త కార్యకర్తల కోసం కాస్త వెనక్కి వెళతాను. గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, మనం సెర్ప్ అనేది, 2000లో ఏర్పడింది. సంఘంలో చేరి నిలదొక్కుకున్న పేద స్త్రీయే పక్క ఊరికి వెళ్ళి తన అనుభవం చెప్పాలన్న పద్ధతి దాని పనిలో రూపుదిద్దుకుంది. అలా వెళ్ళినవాళ్ళే సీఆర్పీలు. తర్వాత బీహార్ 'జీవిక' కార్యక్రమం వీళ్ళను పిలిపించుకుంది. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలయ్యాక ఇంకా అనేక రాష్ట్రాలు పిలిచాయి. నలుగురైదుగురు ఒక బృందం, 45 రోజులు ఒక రౌండు. తర్వాత అందరూ ఇళ్ళకు.

ఆ 45 రోజుల్లో ఏం జరుగుతుందో మీ మాటల్లోనే విన్నాను. వేర్వేరు మండలాల, వేర్వేరు కులాల స్త్రీలు ఒకే కుండలో వండుకుని తింటారు. సొంత ఊళ్ళో ఒకరి వంటింట్లోకి ఇంకొకరు అడుగుపెట్టని వాళ్ళు, అక్కడ వంతులు వేసుకుని వండుతారు. ఇక్కడ ఫలానా వాళ్ళ కోడలు, ఫలానా వాని పెండ్లాం అని పిలిపించుకునే మనిషిని అక్కడ ఊరంతా 'దీదీ' అంటుంది. పొద్దున్నే లేచి ఎవరికీ చాయ పెట్టాల్సిన పని లేదు. ఒకామె ఈ మాట చెప్పి నవ్వింది, తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక ఆఖరి రోజు. రిజిస్టర్లు అప్పజెప్పాలి, లెక్కలు చూపాలి. మిగిలిన బియ్యం, చింతపండు, పచ్చడి పంచుకోవాలి. రైలు కాజీపేట చేరాక ఒకరు జనగామ దిక్కు, ఒకరు మహబూబాబాద్ దిక్కు, ఒకరు భూపాలపల్లి బస్సుకు. ప్లాట్‌ఫారం మీద ఏడుస్తున్న ఒక బృందాన్ని చూసి వెంట వచ్చిన ఉద్యోగి, "ఏడుపెందుకమ్మా, ఇంటికే కదా పోయేది" అన్నాడట. పాపం, ఓదార్చడానికే అన్నాడు. ఆ బృందంలో ఒకామె నాతో అన్న మాట ఇది: "అవ్వగారింటి నుంచి అత్తగారింటికి పోయేటప్పుడు ఏడిస్తే అందరికీ సమజైతది. గిదెందుకు సమజ్ కాదు?"

ఆమె ప్రశ్న సమాజశాస్త్రానిది కూడా. పెళ్ళికూతురికి అప్పగింతలున్నాయి. బతుకమ్మను సాగనంపడానికి పాటలున్నాయి. పనిచేసే చోట ఒక స్త్రీ మరో స్త్రీకి వీడ్కోలు చెప్పడానికి పాట లేదు, తంతు లేదు. స్త్రీల మధ్య బంధమంటే చుట్టరికమో ఇరుగుపొరుగో అయివుండాలి. పని వల్ల ఏర్పడిన స్నేహాన్ని పితృస్వామ్యం లెక్కలోకి తీసుకోదు. ఇంట్లో ఆమె ఉండాల్సిన చోటు అప్పటికే ఖాయమై ఉంది కదా!

ఇది ఇవాళ్టి ముచ్చట కాదు. మనం కూర్చున్న ఈ జనగామ ప్రాంతం తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయ. చిట్యాల ఐలమ్మ భూమి కోసం నిలబడ్డ పాలకుర్తి, 1946 జులై 4న దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిన కడవెండి ఇప్పుడు ఈ జిల్లాలోవే. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. దళాల్లో, రహస్య స్థావరాల్లో కలిసి బతికిన స్త్రీల సంగతి ఏమైందో స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో వాళ్ళ నోటనే చదవవచ్చు. మళ్ళీ ఇల్లు, పెళ్ళి, సంసారం. పోరాటానికీ ప్రభుత్వ కార్యక్రమానికీ పోలిక పెడుతున్నానని కొందరికి కోపం రావచ్చు. పోలిక పనికి కాదు. పని అయిపోగానే 'ఇక ఇంటికి పొండి' అన్న మాటకు.

విడిపోవడంలో బాధతోపాటు నష్టం కూడా ఉంది. మిమ్మల్ని ఉద్యోగులు అనరు, చేసేది సేవ అంటారు, ఇచ్చేది గౌరవ వేతనం అంటారు. 1975లో మొదలైన అంగన్‌వాడీల్లో పనిచేసే స్త్రీలకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 దాకా పట్టింది. వాళ్ళు సంఘటితంగా ఉన్నారు, ఒక్క పిలుపుతో రోడ్డు మీదికి రాగలరు. సీఆర్పీల బృందం రైలు దిగగానే చెదిరిపోతుంది. మీలో ముగ్గురికి ఒక రౌండు డబ్బులు ఆగాయి. ఎవరికి వారు వెళ్ళి అడిగితే, ప్రతి ఒక్కరికీ 'మిగతావాళ్ళకు ముట్టినయి, నీ కాగితమే సరిగ్గా లేదు' అనే జవాబొచ్చింది. ఇద్దరు ఫోన్ నంబర్లు రాసిపెట్టుకున్నారు కాబట్టి ఆ మాట అబద్ధమని తేలింది. ముగ్గురూ కలిసి వెళ్ళాక డబ్బులు వచ్చాయి. ఆ నంబర్లు రాసుకున్నది కూడా హక్కుల కోసం కాదు, బిడ్డ పెండ్లికి పిలుచుకోవాలని.

అందుకే ఒక ప్రతిపాదన. ఏ బృందం ఏ రాష్ట్రం వెళ్ళినా, విడిపోయే ముందు అందరి పేర్లు, ఊళ్ళు, నంబర్లు రాసి, ఒక ప్రతి సమాఖ్యలో పెట్టాలి. ఆఫీసు జాబితా వేరు, ఇది మీది. ఏడాదికి ఒక్కసారైనా కలవాలి. ఎక్కడ అంటే, చిల్పూర్ గుట్ట ఉండనే ఉంది. బుగులు వేంకటేశ్వరస్వామి దగ్గరికి పోయొస్తానంటే ఏ ఇంట్లోనూ అడ్డు చెప్పరు. దర్శనం చేసుకునేవాళ్ళు చేసుకుంటారు, లేనివాళ్ళు కింద నీడన కూర్చుంటారు. ఖర్చు ఎవరు పెట్టాలో, భూపాలపల్లి వాళ్ళు రాత్రి ఎక్కడ ఉండాలో భోజనాల తర్వాత తేల్చుకుందాం. రిజిస్టరు ఇప్పుడే మొదటి వరస నుంచి పంపిస్తున్నాను. తేదీ మీరే పెట్టండి, నాట్లూ కోతలూ లేని రోజు చూసి.